ఇంట్ల అడిగి చెప్త

కరెంటు పోగానే షెడ్డులోని సాంచాలన్నీ, బట్ట నేసే మరమగ్గాలన్నీ, ఒక్కసారే ఆగిపోయాయి. అట్లా ఆగినప్పుడల్లా మొగిలికి చెవుల్లోంచి ఏదో ఊడి పడ్డట్టుంటుంది. చేతిలోని, నూలు చుట్టిన నాడెను పక్కన పెట్టి, తెగిన పోగును వెతికి పట్టుకుని, బొటనవేలితో ఒక్క మెలి తిప్పి ముడేశాడు. కరెంటు వచ్చేదాకా ఆగగల పనే అది. కానీ తెగిన పోగును అట్లాగే వదిలి లేవడం అతనికి చేతకాదు. కనుబొమల మీద పేరుకున్న దూది నూగును తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి సిరిసిల్లలో ఇదే తంతు. బొగ్గు గనులు బంద్, బస్సులు బంద్, బడులు బంద్. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో ఎవరికీ తెలియదు. బయట వాన పడుతోంది. ఆ వానలో, రోడ్డు పక్కన మురికికాలువ మీద పరిచిన బండల పైన టెంటు వేసి ఉంది. టెంటు కింద పోశం శవం ఉంది.

మొన్నటిదాకా మొగిలి పక్క సాంచాల మీద పనిచేసినవాడు పోశం. వాళ్లిద్దరూ ఉండేది గోవర్ధన్ కట్టించిన రేకుల రూముల వరసలోనే. తెల్లవారుజామున దవాఖానలో ప్రాణం పోతే, ఆటోలో ఇంటికి తెచ్చారు. ఆటో ఆగకముందే గోవర్ధన్ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. కోపగించలేదు, కేకలు వేయలేదు. రెండు చేతులూ జోడించాడు.

"నాకేమన్న పగనా చెల్లే? నక్షత్రం మంచిది కాదట. శవాన్ని లోపలికి తెస్తె ఇల్లు మూసుడే. మిగిలిన రూములోల్లు గూడ ఖాళీ చేసి పోతరు. టెంటు కిరాయి నేనే ఇస్త."

పోశం భార్య ఆటో దిగింది. కిరాయి ఇండ్లలో ఉండేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. తన ఇంటికి తాళం వేసి ఉండగా, దానికి ఎదురుగా టెంటులో కూర్చుంది. గాలికి వాన జల్లు లోపలికి కొడుతుంటే, బియ్యం చెరిగే చాటతో నీళ్లను భర్త కాళ్ల దగ్గరి నుంచి అవతలికి తోస్తోంది. మొగిలి పోయి టెంటు కర్రను గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. నిలబడి తన రూము వైపు చూశాడు. గడప లోపల నులకమంచం మీద అతని తల్లి కనకవ్వ కూర్చుని ఉంది. నీరు పట్టి ఉబ్బిన పాదాలు కిందికి వేలాడేసి, కన్నార్పకుండా ఆ టెంటు వైపే చూస్తోంది.

కనకవ్వ గుండెకు బలం తగ్గిందనీ, ఇంటికి తీసుకుపోయి మంచిగా చూసుకొమ్మనీ డాక్టరు చెప్పి ఎక్కువ రోజులు కాలేదు. ఇంటికి అంటే ఏ ఇంటికని మొగిలి అప్పుడు ఆలోచించలేదు. సొంతూరు గంభీరావుపేటలో వాళ్లకు గోడ కూడా మిగల్లేదు.

పోశం దినాలు ఇంకా కాకముందే ఒక సాయంత్రం గోవర్ధన్ మొగిలి గడప దగ్గరికొచ్చాడు. లోపలికి రాలేదు. మంచం వైపు చూడకుండా, గోడకు కట్టిన దండెం వైపు చూస్తూ మాట్లాడాడు. తమ్ముని కొడుక్కి రూము కావాలట. పెద్దల రోజుల్లో ఇల్లు మారొద్దు గనుక ఇప్పుడే పొమ్మనడం లేదట. దసరా వెళ్లినంక చూసుకొమ్మన్నాడు. మొగిలి తల ఊపాడు. తమ్ముని కొడుకు ఎవరో, వాడికి రూము ఎందుకో అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం ఆడాల్సి వస్తుంది, ఆ మనిషిని అంత కష్టపెట్టడం ఎందుకనిపించింది.

గోవర్ధన్ పోయాడు. మొగిలి భార్య భూలక్ష్మి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. తడి గుడ్డలోంచి తునికాకు తీసి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం బిగిస్తోంది. ఆమె చేతులు ఆగలేదు గానీ ఒక బీడీకి దారం కట్టడం మరిచిపోయింది. అది ఒళ్లోనే విప్పుకుపోయింది.

పెద్దల అమావాస్య, పెత్రమాస నాడు మొగిలి స్నానం చేసి, తండ్రి పేరు మీద బియ్యం, కూరగాయలు పట్టుకుని గుడికి పోయాడు. ఎంత పని ఉన్నా ఏటా ఇది తప్పించడు. అయ్యగారు తండ్రి పేరు, తాత పేరు అడిగి, చేతిలో నువ్వులు, నీళ్లు పోసి వదలమన్నాడు. అంతా అయినంక మొగిలి లేవలేదు.

"అయ్యగారూ, చెడ్డ నక్షత్రంల పానం పోతె ఇల్లు మూసిపెట్టుమని శాస్త్రంల ఉన్నదంటరు గదా. పోయెటోన్ని వానల పెట్టుమని ఏడనన్న ఉన్నదా?"

ఆయన ముసలివాడు. విస్తరిలోని బియ్యాన్ని మూట కట్టుకుంటూ, "శాస్త్రం ఇల్లున్నోనికి చెప్పింది మొగిలీ. ఇల్లు లేనోని గురించి దానికి యాదికి రాలేదు" అన్నాడు.

మొగిలికి దేవుని మీద కోపం రాలేదు. కానీ దారి పొడుగునా ఆ మాట చెప్పులో రాయిలా తగులుతూనే ఉంది.

ఆ పూట నుంచి ఇంట్లో ఒకటే లెక్క: ఎక్కడ బతకాలి? సిరిసిల్లలో చేతికి వచ్చిన పని ఉంది. సాంచాల చప్పుడు ఆగితే నిద్రపట్టనంత అలవాటు. కానీ ఊరు చిన్నది. ఫలానా రూములో ముసలామె మంచాన ఉందన్న సంగతి మొగిలి కన్న ముందే వీధులు దాటిపోతోంది. అడిగిన ప్రతి ఇంటివాళ్లకూ ఒక తమ్ముని కొడుకున్నాడు. జగిత్యాలలో పెద్ద దవాఖాన ఉంది, కూతురు మానసకు మంచి బడి ఉంది, రైసు మిల్లుల్లో హమాలీ పని దొరుకుతుంది. సాంచాలు మాత్రం లేవు. కోరుట్లలో బీడీ కార్ఖానాలున్నాయి, భూలక్ష్మి చేతులు ఖాళీగా ఉండవు, కిరాయిలు తక్కువని అంటారు. ఎండాకాలం నీళ్ల సంగతి తెలియదు. మొగిలికి అక్కడ ఏ పని దొరుకుతుందో అదీ తెలియదు.

భూలక్ష్మి జగిత్యాల అంది. మానస బస్సులుండే ఊరికి పోదామంది, సమ్మెలో అసలు ఏ ఊరికీ బస్సులు లేవని మరిచిపోయి. కనకవ్వను ఎవరూ అడగలేదు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుని అన్నీ విన్నది.

లతీఫుద్దీన్ పరుపులు కుడతాడు. సాంచాల దగ్గర మిగిలిన నూలు వేస్టు కొని, ట్రాలీ ఆటోలో నింపుకుని జగిత్యాల, కోరుట్ల దుకాణాలకు వేసి వస్తుంటాడు. బతుకమ్మ మొదలైన మూడో నాడు పొద్దున్నే మొగిలి అతని పక్కన ఎక్కాడు. దారి పొడుగునా చేన్ల గట్ల మీద తంగేడు పువ్వు కోసుకుపోయిన కొమ్మలు కనిపించాయి.

జగిత్యాల పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. గులాబీ కండువాల వాళ్లు ఆటో ఆపి, తినిపోతేనే వదులుతామన్నారు. విస్తర్లలో అన్నం, వంకాయ కూర. మొగిలి పక్కన కూర్చున్న మాస్టరొకాయన, తెలంగాణ ఒక్కటి వచ్చిందంటే మనకు అన్నీ వస్తాయని, నీళ్లు, కొలువులు, కరెంటు అన్నీ వస్తాయని వివరంగా చెప్పాడు. మొగిలి శ్రద్ధగా విన్నాడు. అతనికీ రావాలనే ఉంది. షెడ్డు ముందు జెండా పట్టుకుని అతనూ నినాదాలిచ్చినవాడే.

ఆటో ఎక్కినంక లతీఫుద్దీన్, "అడగకపోయినవా మొగిలన్నా, రాష్ట్రమొస్తె కిరాయి ఇంట్ల సావనిస్తరా అని?" అన్నాడు.

"ఆయనది సొంతిల్లే ఉన్నట్టున్నది భాయ్. ఆయనకేం ఎరుక."

జగిత్యాలలో చూసిన ఇల్లు నిజంగా బాగుంది. రెండు గదులు, వెనక బోరు, సందు చివర బడి. ఇంటాయన మర్యాదస్తుడు, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఎంతమంది ఉంటారని అడిగితే మొగిలి ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను, నా భార్య, బిడ్డ, మా అవ్వ. అవ్వకు పానం బాగుంటదా అని అడిగితే అదీ చెప్పాడు. ఆయన చాయ తెస్తానని లేచి లోపలికి పోయాడు.

సాంచాల చప్పుడులో మాట వినబడదు. అక్కడ పనిచేసేవాళ్లు పెదవులు చూసి మాట్లాడుకుంటారు. మొగిలికి అది ఇన్నేండ్ల అలవాటు. తలుపు తెర పక్కకు తొలగి ఉంది. లోపల ఇంటాయన భార్య పెదవులు కదులుతున్నాయి. చప్పుడేమీ రాకున్నా అతనికి ప్రతి మాటా తెలిసింది: *మంచానికి పడ్డట్టున్నది. దసరా పూట మనింట్ల గా పంచాయితి వద్దు. నీళ్లు రావని చెప్పు.*

ఇంటాయన చాయ తెచ్చి ఇచ్చి, ఎండాకాలంలో బోరు ఎండిపోతుందనీ, పిల్ల ఉన్న ఇల్లు గనుక ఇబ్బంది పడతారనీ బాధగా చెప్పాడు. మొగిలి చాయ మొత్తం తాగాడు. గ్లాసు కడిగి అరుగు మీద బోర్లించి పెట్టాడు.

కోరుట్ల చేరేసరికి ఎండ వాలింది. బీడీ కార్ఖానా వెనక వీధిలో పాత పెంకుటిల్లు. ముందర అర్రలో ఇంటామె మల్లవ్వ ఒక్కతే ఉంటుంది. వెనక రెండు అర్రలు కిరాయికి. వాకిట్లో చేదబావి, బావి పక్కన బంతి చెట్లు. మల్లవ్వ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పెద్ద మనిషే గానీ చూపు చురుకు. ఒక కాలు చాపి ఉంది, మోకాలికి గుడ్డ చుట్టి ఉంది. పిల్లా జెల్లా ఎవరూ లేరని, భర్త పోయి చాలా కాలమైందని లతీఫుద్దీన్ దారిలోనే చెప్పాడు.

మొగిలి ఈసారి ఆగలేదు. ఆమె అడగకముందే చెప్పేశాడు.

"మేం ముగ్గురమే అవ్వా. మా అవ్వ గంభీరావుపేటల ఉంటది."

నోట్లోంచి వచ్చాక ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి అతనికే భయమేసింది. మల్లవ్వ అది పట్టించుకున్నట్టు లేదు. కులం అడగలేదు, కిరాయి సంగతి ఎత్తలేదు. చిక్కుడు నారను వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"నీకు నిద్ర గట్టిదా, మెత్తదా?"

"ఏందవ్వా?"

"పిలుస్తె లేస్తవా అంటున్న." చాపిన కాలు మీద చెయ్యి వేసుకుంది. "ఇంతకు ముందున్నోల్లు మంచోల్లే. నేను బావికాడ జారిపడ్డ. లేపి కూసుండవెట్టి నీళ్లిచ్చిన్రు. తెల్లారె సామాన్లు కట్టుకున్నరు. ముసల్ది పోయిందంటె ఇల్లు మూస్తరు, మేమేడికి పోవాలె అన్నరు. వాళ్లదీ తప్పు కాదు. మల్ల ఇద్దరు వచ్చి చూసి పోయిన్రు. నా కాలు చూసి పోయిన్రు."

బావి గిలక గాలికి కిర్రుమంది.

"ఇల్లు చూసినవు. నీళ్లు చూసినవు. నన్ను గూడ చూసినవు. ఏదన్న అయితె ఉంటవా, పోతవా? అది చెప్పు చాలు."

మొగిలి నేల వైపు చూశాడు. చెడ్డ నక్షత్రంలో ఈమె పోతే ఇల్లు నెలలకొద్దీ మూసుకుపోతుంది. అప్పుడు మంచం మీది తల్లిని, మానసను పట్టుకుని మళ్లీ ఏ ఊరు? సావు వచ్చే ఇల్లని తెలిసి తెలిసి పిల్లను తీసుకొస్తే భూలక్ష్మి ఏమంటుంది? ఇవన్నీ న్యాయమైన లెక్కలే. గోవర్ధన్ కూడా ఇట్లాగే లెక్క వేసుకుని ఉంటాడు.

"ఇంట్ల అడిగి చెప్త అవ్వా" అన్నాడు.

మల్లవ్వ నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు, అలసిన నవ్వు.

"అడుగు కొడుకా. అందరు ఇంట్లనే అడుగుతరు."

తిరుగుదారిలో ఆటో రుద్రంగి ఊరు దాటింది. తర్వాత లతీఫుద్దీన్, రోడ్డు వైపే చూస్తూ, ఆమె దగ్గర నిజం చెప్పి ఉండాల్సింది అన్నాడు. మొగిలి ఊకొట్టాడు. ఇంకాసేపటికి లతీఫుద్దీన్, ఆ చోట ఉంటే తానూ చెప్పకపోయేవాణ్నేమో అని కూడా అన్నాడు.

ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. వీధిలో ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. దినాలయ్యేదాకా పీకకుండా ఉంచిన పోశం టెంటు వైపు మాత్రం ఎవరూ పోలేదు. కందిలి వెలుతురులో మొగిలి అన్నం తింటూ భూలక్ష్మికి రెండు ఊర్ల సంగతీ చెప్పాడు. జగిత్యాల గురించి అంతా చెప్పాడు. కోరుట్ల గురించి బావి చెప్పాడు, బంతి చెట్లు చెప్పాడు, బీడీ కార్ఖానా చెప్పాడు, ఎందుకో కుదిరేట్టు లేదన్నాడు.

"కోరుట్ల సంగతి సగమే చెప్పినవ్" అంది కనకవ్వ గోడ వైపు నుంచే.

మొగిలి ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. ఆమె మెల్లగా ఇటు తిరిగింది. తిరగడానికే ఆమెకు ఊపిరి చాలలేదు, కాసేపు ఆగి మళ్లీ చూసింది. ఆ చూపు ముందు అతను చిన్నప్పుడు ఏది దాచగలిగాడు గనుక. మిగిలిన సగమూ చెప్పాడు. తానాడిన అబద్ధం కూడా చెప్పాడు. అప్పుడు మాత్రం తల ఎత్తలేదు.

భూలక్ష్మి భయపడింది. దాచుకోలేదు. "ఒక్క ఇంట్ల ఇద్దరా? పిల్ల ఉన్నది. ఒకటెన్క ఒకటి అయితె మనకు తట్టుకునే బలమున్నదా అత్తా?" అంది. అని, తానేమన్నదో తెలిసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కనకవ్వ దాన్ని తప్పుగా తీసుకోలేదు. ఆలోచిస్తున్నట్టు పైకప్పు రేకుల వైపు చూసింది.

"ఆమెకు వండిపెట్టెటోల్లు ఎవరన్న ఉన్నరా?"

"లేరు."

"చిక్కుడుకాయ ఒక్కదానికే ఒలుసుకుంటున్నదా?"

"ఔ."

"అయితె కోరుట్లకే పోదాం. ముంగట ఆమె పోతె మనముంటం. ముంగట నేను పోతె..." ఊపిరి తీసుకుంది. "ఆమెకు చెప్పే తీసుకపో కొడుకా. దొంగతనంగ ఒగరింట్ల సావద్దు."

దసరా వెళ్లిన మూడో రోజు లతీఫుద్దీన్ ఆటో వచ్చింది. గిన్నెలు, గంప, దేవుని పటాలు, భూలక్ష్మి చాట, కత్తెర, నులకమంచం ఎక్కించారు. పోశం భార్య వచ్చి సాయం పట్టింది. పోశం దినాలు అయిపోయాయి. టెంటు పీకిన చోట బండల పక్కన నాలుగు గుంతలు మాత్రం మిగిలాయి. గోవర్ధన్ కూడా వచ్చి నిలబడ్డాడు. కనకవ్వను చేతుల మీద ఎత్తి నూలు మూటల మధ్య పడుకోబెడుతుంటే, అతనే ముందుకు వంగి ఆమె తల కింద ఒక మూట సర్దాడు. కనకవ్వ అతని చెయ్యి ఒకసారి తట్టింది. ఆటో కదులుతుంటే షెడ్డులో కరెంటు వచ్చింది. సాంచాలన్నీ ఒక్కపెట్టున మొదలయ్యాయి. మొగిలి వేళ్లు తొడ మీద వాటంతట అవే ఒక ముడి వేశాయి.

కోరుట్ల వీధిలోకి తిరగ్గానే మొగిలి ఆటోను ఇంటికి కాస్త దూరంలోనే ఆపించాడు. ఒక్కడే దిగి నడిచి పోయాడు. ఆటో చప్పుడుకే మల్లవ్వ గోడ పట్టుకుని గడపలోకి వచ్చింది. రెండు రెక్కల తలుపులో ఒకటే తెరిచి ఉంది. మూసిన రెక్కకు ఆనుకుని నిలబడింది.

"ఇంట్ల ఏమన్నరు?" అంది.

"వస్తమన్నరు అవ్వా. నేను మొన్న అబద్ధం చెప్పిన. మా అవ్వ గంభీరావుపేటల లేదు. గా ఆటోల ఉన్నది. ఆమెకు బాగలేదు. డాక్టరు ఇంటికి తీసుకపొమ్మన్నడు." ఇంకా చెప్పాల్సింది ఉంది. "దింపమంటె దింపుతం. లేకుంటె గిట్లనే మల్లుతం. నీ మీద మాట రానియ్య."

సాంచాలు లేని వీధిలో ఆ మాటలు అతనికే పెద్దగా వినిపించాయి. మల్లవ్వ ముఖం మారింది. పిలిస్తే లేచే మనుషులు కావాలనుకుంది ఆమె. లేవలేని మనిషి వస్తుందనుకోలేదు. ఆమె పెదవులు కదిలాయి గానీ ఆ కదలికలో మాటలేమీ లేవు. మొగిలి చదవడానికి ప్రయత్నించి ఊరుకున్నాడు. ఆమె గోడ పట్టుకుని మెట్లు దిగింది. దెబ్బ తగిలిన కాలు ఈడ్చుకుంటూ ఆటో దాకా నడిచింది. ట్రాలీ అంచు పట్టుకుని లోపలికి చూసింది.

మూటల మధ్య కనకవ్వ కళ్లు తెరిచే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పక్కన కూర్చున్న మానస ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. భూలక్ష్మి తల వంచుకుంది.

"ఇంట్ల అడిగి చెప్త అందామంటె," అంది మల్లవ్వ చివరికి, "నాకింట్ల అడుగుటానికి ఎవరున్నరు?"

వెనక్కి తిరిగి, వచ్చినంత నెమ్మదిగానే నడిచి మెట్లెక్కింది. మూసి ఉన్న రెక్కకు కింద గడియ తుప్పు పట్టి ఉంది. వంగి, నొప్పికి పళ్లు బిగించి, దాన్ని రెండు మూడుసార్లు కదిలించి పైకి లాగింది. చాలా కాలంగా తెరవని రెక్క నేలను గీరుకుంటూ వెనక్కి పోయింది.

"మంచం అడ్డంగ తేకు. నిలువుగ తే" అంది మొగిలితో. "ఎనకకు గాదు, ముంగటి అర్రలనే ఎయ్యి. నా మంచం పక్కకు. దూలం కింద మాత్రం ఎయ్యకు, మంచిది కాదంటరు."

మొగిలీ లతీఫుద్దీనూ మంచం దింపారు.